చింతకి మోరీ మీద నీళ్లు

పొద్దున్నించి తబిత కాలు ఒకచోట నిలవలేదు. బీదర్ జిల్లా ఔరాద్ బస్టాండు వెనక ఆమె భర్త జీవరాజ్ నడిపే మొబైల్ రిపేరు దుకాణం అగ్గిపెట్టంత ఉంటుంది. అందులోనే స్టూలు మీద కూర్చుంటుంది, లేస్తుంది, గడపలోకి వచ్చి ఆకాశం వంక చూస్తుంది, మళ్లీ లోపలికి వెళ్లి ఫోను చూస్తుంది. ఫోనులో హైదరాబాదు ఛానల్ వాళ్ల తెర నిండా ఎర్రటి సుడి గిరగిరా తిరుగుతోంది. బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం తెలంగాణ దాటి బీదర్ మీదికి వస్తోందట. "ముంచుకొస్తున్న ప్రళయం", "బీదర్ గజగజ" అని అక్షరాలు తెర మీదికి దూకుతున్నాయి. వెనక సైరన్ మోత.

బయట మాత్రం గజగజ జాడ లేదు. మబ్బు కమ్మి ఉంది. తుంపర పడీ పడనట్టు పడుతోంది. ఆ రోజు సంత కావడంతో జనం పట్టాలు కప్పిన మిరపకాయల కుప్పల మధ్య ఎప్పటిలాగే బేరాలాడుతున్నారు. కాకపోతే ఎవరి మొహంలోనూ నిలకడ లేదు. సోయా కోతకొచ్చిన రోజులవి. కోసి కుప్పేసిన వాళ్లకు కుప్ప తడుస్తుందని బెంగ, కోయని వాళ్లకు కాయ చేలోనే మొలకెత్తుతుందని బెంగ. ఛార్జరు కొనడానికి వచ్చినవాడు కూడా ముందు తబిత వైపు తిరిగి, "అక్కా, ఏమంటుండ్రు టీవీల? వస్తాందా రాదా?" అని అడుగుతున్నాడు.

తబిత రెండేళ్ల నుంచి ఆ ఛానలుకు వార్తలు పంపుతోంది. పుట్టిల్లు పక్క ఊరైన చింతకి. చిన్నప్పుడు ఆదివారం చర్చిలో ఆమె వాక్యం చదివితే చివరి బెంచీలో కునికిపాట్లు పడేవాళ్లు కూడా తలెత్తేవాళ్లు. ఆ గొంతే అన్నం పెడుతుందనుకుంది. ఇంతవరకూ ఒక్కసారి కూడా ఆ గొంతు టీవీలో వినపడలేదు. పోయిన ఎండాకాలం సిద్దప్ప అనే గొర్రెల కాపరి మీద పిడుగు పడితే అందరికంటే ముందు అక్కడికి పోయింది. ముందురోజు నుంచే ఉరుములున్నాయని, గుట్ట మీదికి పోవద్దని ఎవరూ చెప్పలేదని అతని భార్య ఏడుస్తూ చెబితే అదంతా వీడియో తీసి పంపింది. తెర అడుగున ఒక్క వరుస పరుగెత్తింది. అందులో చనిపోయినవాడి పేరు కూడా తప్పే. ఆ రోజు నుంచి ఆమెకు లోపల ఒకటే కుతకుత. తమ ఊళ్లలో మనిషి పోయినా ఛానలుకు పట్టదు, ఇప్పుడు చినుకు పడకముందే ప్రళయమంటోంది.

మధ్యాహ్నానికి కాస్త ముందు సుజన ఫోన్ చేసింది. హైదరాబాదులో జిల్లాల వార్తలు చూసేది ఆమే.

"తబితా, మీకు రెడ్ అలర్ట్ ఉంది. వచ్చే బులెటిన్‌లో నిన్ను లైవ్ తీసుకుంటున్నాం. నీళ్లెక్కడున్నాయి?"

లైవ్ అనగానే తబిత స్టూలు మీంచి లేచింది. "మేడమ్, ఇక్కడ ఇంకా తుంపరే పడుతోంది..."

"పక్క జిల్లా రిపోర్టర్ మెడలోతు నీళ్లలో నిలబడి ఇచ్చాడు. నువ్వు తుంపర అంటే నేను పైవాళ్లకి ఏం చెప్పాలి? రాత్రి పైన వాన పడిందిగా, ఎక్కడో ఒకచోట పారుతూ ఉంటుంది. వెతుకు. లేదంటే ఆ టైం ఇంకో జిల్లాకి ఇచ్చేస్తాను."

ఫోన్ పెట్టేసి తబిత రెయిన్‌కోటు తీసింది. చేతిలోని ఫోను స్క్రూలు బిగిస్తున్న జీవరాజ్ తలెత్తాడు.

"ఏమన్నది?"

"నీళ్లు వెతుకుమన్నది."

"ఇంట్ల బిందెలున్నయ్. తీస్కపోదామా?"

"నవ్వకు. జల్ది బండి తియ్యి. చింతకి మోరీ కాడ పారుతుండొచ్చు."

అతను దుకాణం షట్టరు దించాడు. ఈ లైవ్ కోసం ఆమె ఎంతగా కాచుకుని ఉందో అతనికి తెలుసు. ఎన్ని పంపినా వెయ్యడం లేదని అలిగి పండుకున్న రోజుల్లో అన్నం వండింది అతనే.

చింతకి పోయే దారిలో వాగు మీద తూములు వేసి కట్టిన మోరీ ఉంది. నిజంగానే దాని మీద నీళ్లు పారుతున్నాయి. ఎర్రగా ఉన్నాయి, చూడటానికి బాగానే ఉన్నాయి. కానీ బండి దిగి నిలబడితే పాదాలు మునిగాయి, అంతే. తబిత అటూ ఇటూ నడిచింది. ఎటు నిలబడినా పాదాలే. ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

అప్పుడు రోడ్డు పక్కన గుంత కనిపించింది. ఎప్పుడో పైపు వెయ్యడానికి తవ్వి సగం పూడ్చి వదిలేశారు. అందులో దిగితే నడుము దాకా వచ్చాయి. మోకాళ్లు వంచితే ఛాతీ దాకా వచ్చాయి.

జీవరాజ్ ఫోను పైకెత్తి మళ్లీ దించాడు. "తబితా, గిట్ల కూసుంటే..."

"తీస్తవా తియ్యవా?"

"తీస్త తియ్యి."

సరిగ్గా అప్పుడే ఔరాద్ వైపు నుంచి చింతకి హన్మయ్య వచ్చాడు. సంతలో బేరం కుదరని లేగదూడను తోలుకుని ఇంటికి పోతున్నాడు. దూడ మోరీ మీద నీళ్లలో టపటపమని నడిచి వస్తోంది. హన్మయ్య గుంతలో తబితను చూసి ఆగాడు.

"ఏసురాజు బిడ్డవు గద? ఏం జేస్తున్నవమ్మా బురదల?"

"టీవీకి తాతా."

"ఓహో, సిన్మానా." ఆయన తల ఊపి, దూడను అదిలించాడు. "తీసుకోండ్రి తీసుకోండ్రి."

దూడ కెమెరాలో పడకుండా పోయేదాకా జీవరాజ్ ఆగాడు. ఇంతలో చెవిలోని వైరులోంచి స్టూడియో గొంతు వచ్చింది. "తబితా, అక్కడ పరిస్థితి ఎంత భయానకంగా ఉందో మా ప్రేక్షకులకు చెప్పండి."

తబిత చెప్పింది. రాత్రి ఎగువన కురిసిన వాన, ఇంకా రాబోయే వాన గురించి చెప్పింది, వాగు గురించి చెప్పింది, సోయా రైతుల దిగులు గురించి చెప్పింది. గొంతు తడబడలేదు. చర్చిలో వాక్యం చదివినట్టే మాటకు మాట అందింది. అంతా అయిపోయిందనుకుంటుండగా స్టూడియోలో అతను అడిగాడు.

"అంటే ఔరాద్, చింతకి మధ్య రాకపోకలు పూర్తిగా నిలిచిపోయినట్టేనా తబితా?"

ఆమె కళ్ల ముందు మోరీ ఉంది. దాని మీద దూడ గిట్టలు దాటిపోయిన జాగా ఉంది. ఛాతీ దాకా నీళ్లలో కూర్చుని లేదని ఎలా అనడం? లేస్తే నడుము బయటపడుతుంది.

"అవును," అంది తబిత. "పూర్తిగా నిలిచిపోయాయి."

ఔరాద్‌కు తిరిగి వచ్చేసరికి ఆమె మొహం అందరి ఫోన్లలోనూ ఉంది. సైరన్ మోత, ఎర్ర చారలు, మధ్యలో మునిగిపోతున్నట్టు తబిత. పావుగంటకోసారి అదే వేస్తున్నారు. భాల్కిలో ఉన్న మేనత్త ఫోన్ చేసి ఏడ్చింది. ఛాయ్ హోటల్లో ఆమెకు కుర్చీ ఇచ్చారు. సంత త్వరత్వరగా సర్దుకుంటోంది. కుప్పలు మూటలవుతున్నాయి, టమ్‌టమ్‌ ఆటోలు హారన్లు కొడుతున్నాయి, ఆడవాళ్లు సంచులు నెత్తిన పెట్టుకుని ఒకరినొకరు కేకేసుకుంటున్నారు.

శాంతరాజు అనే రైతు తబిత దగ్గరికి వచ్చి చేతులు పట్టుకున్నాడు. "అక్కా, నిన్ను జూసినంకనే ఇంటికి ఫోన్ జేసి సోయా కుప్ప మీద తాడిపత్రి కప్పుమన్న. లేకుంటే గీ తుంపర ఏం జేస్తది అనుకుంటుంటి."

అతను అలా అన్నాడో లేదో, వాన నిజంగానే వచ్చింది. తుంపర చినుకైంది, చినుకు ధారైంది. రేకుల మీద ఆ చప్పుడుకు పక్కవాడి మాట వినపడలేదు. శాంతరాజు పైకి చూసి, తబిత వైపు చూసి, దండం పెట్టాడు.

తబితకు ఆ దండం తియ్యగానూ ఉంది, ముల్లులాగానూ ఉంది. ఛాయ్ చల్లారిపోతున్నా తాగలేదు. దుకాణం షట్టరు కిందికి వచ్చి నిలబడి, "చూసినవా?" అంది జీవరాజ్‌తో, అతనేదో అన్నట్టు. "నేను జెప్పకుంటే ఆయన కుప్ప పోతుండె."

"పోతుండె."

"మరెందుకు గట్ల మొఖం పెట్టినవ్?"

"వాన వస్తదని జెప్పుడు వేరు తబితా. బాట బందయిందని జెప్పుడు వేరు. నువ్ అవునన్నవ్."

"మందికి ఊకె జెప్తే పట్టదు. భయపెట్టకుంటే ఎవ్వరు ఇంటరు? సిద్దప్ప పోయిన్నాడు మెల్లగ జెప్పిన, ఎవరన్న ఇన్నరా?"

"నేను పంచాయితీ పెడ్తలే. మనసుల నిమ్మళం లేదు, గంతే."

ఆమెకు కూడా లేదు. అందుకే గొంతు పెంచింది. "అయితే నువ్వే ఎందుకు తీసినవ్? వొద్దనకపోయినవా?" అని ఆమె అంటుండగానే అతని ఫోను మోగింది.

అవతల మల్లప్ప. ఔరాద్, చింతకి మధ్య క్రూజర్ జీపు నడిపే మనిషి. జీవరాజ్ దుకాణంలోనే ఫోను కొన్నాడు. వాన హోరులో అతని మాటలు ముక్కలు ముక్కలుగా వచ్చాయి. జీవరాజ్ స్పీకర్ పెట్టాడు.

"జీవన్నా, జీపు ఒర్రెల ఆగింది! నీళ్లు లోపటికి వస్తున్నయ్. మందిని పైకెక్కించిన. వందకు, నూటపన్నెండుకు జేస్తే లైన్ కలుస్తలేదు, అందరు చేస్తుండ్రేమో. నువ్వు ఎవరికన్న జెప్పు!"

"ఏ ఒర్రె మల్లప్పా? ఏడున్నవ్?"

"పాత బండ్లబాట. మీ ఇంటామె టీవీల జెప్పింది గద, మోరీ బందయిందని. గందుకే పాత బాట పట్టిన. సంగమ్మవ్వోళ్లు అందరున్నరు బండిల. జల్ది అన్నా!"

తబిత చేతిలోని గ్లాసు ఎప్పుడు కింద పెట్టిందో ఆమెకు గుర్తులేదు. జీవరాజ్ ఆమె వైపు చూడలేదు. చూసి ఉంటే ఆమె అక్కడే కూలబడేది. చింతకి వాళ్లకు ఫోన్ కొట్టి, బండి స్టార్ట్ చేసి, "ఎక్కు," అన్నాడు.

పాత బండ్లబాట నల్లరేగడి. వానలో బైకు పోదు. ఆ ఒర్రెకు చింతకి వైపు నుంచి పోతే దగ్గర. చింతకి పోవాలంటే మోరీ దాటాలి. దాటారు. ఇంత వాన పడినా మోరీ మీద నీళ్లు చీలమండ పైకి రాలేదు. కట్టినవాళ్లు ఎత్తుగానే కట్టారు. బైకు టైర్లు రెండు వైపులా నీళ్లు చిమ్ముతూ పోతుంటే తబిత భర్త వీపుకు మొహం ఆనించి కళ్లు మూసుకుంది. ఎదురుగా ఒక ట్రాక్టరు రాలేదు, ఒక టమ్‌టమ్ రాలేదు. తన ఒక్క మాటతో దారి ఖాళీ అయిపోయింది.

ఒర్రె దగ్గరికి చేరేసరికి గట్టు మీద చింతకి మనుషులు పదిమంది దాకా ఉన్నారు. మామూలు రోజుల్లో మేకలు దాటే పిల్లవాగు, ఆ ఒర్రె. ఇప్పుడు ఎర్రగా, గడ్డీ కంపా మోసుకుంటూ ఉరుకుతోంది. మధ్యలో జీపు ఒక పక్కకు ఒరిగి ఉంది. సీట్ల దాకా నీళ్లు. పైన సామాను పెట్టే కడ్డీల మీద ఆడవాళ్లు, ముసలివాళ్లు ఒకరినొకరు పట్టుకుని ముద్దలా కూర్చున్నారు. మల్లప్ప తలుపు పట్టుకుని నీళ్లలో నిలబడి ఉన్నాడు. గట్టు మీది వాళ్లు తాడు విసురుతున్నారు, నీళ్లు దాన్ని పక్కకు లాక్కుపోతున్నాయి.

గట్టు చివర హన్మయ్య ఉన్నాడు. జీపు మీద కూర్చున్న వాళ్లలో ఆయన భార్య సంగమ్మ ఉంది. సంతలో కొన్నవి పట్టుకుని నువ్వు జీపులో రా, నేను దూడను తోలుకుపోతాను అని బయల్దేరేటప్పుడు ఆయనే చెప్పాడట. ఆయన తబితను చూశాడు. అరవలేదు, తిట్టలేదు.

"బిడ్డా, నేను దూడను దోల్కొని నీ పక్కపొంటే పోయిన గద," అన్నాడు. "నా దోతి గూడ తడవలే. ఆమె గూడ గా మోరీ మీదికెల్లే వస్తుండె. ఎందుకు జెప్పినవమ్మా గట్ల?"

తబిత ఒర్రెలోని జీపు వైపు తిరిగింది.

ఆమె ఫోను మోగింది. సుజన. మల్లప్ప జీపు వీడియో అప్పటికే ఎవరో వాట్సాప్‌లో పెట్టారు, అది హైదరాబాదు దాకా పోయింది.

"తబితా, నువ్వు స్పాట్‌లో ఉన్నావా? అద్భుతం. ఇప్పుడే లైవ్ తీసుకుంటున్నాం. జీపు మీద ఏడుస్తున్న ఆడవాళ్లను దగ్గరగా చూపించు. ఎంతమంది కొట్టుకుపోయారు?"

"ఎవరూ పోలేదు మేడమ్."

"సరే, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని అని చెప్పు. లైన్‌లో ఉండు."

జీవరాజ్ ఫోను పైకెత్తాడు. తబిత వాన కారుతున్న మొహంతో కెమెరా ముందు నిలబడింది. చెవిలో స్టూడియో అతను ఏదో అడుగుతున్నాడు. ఆమె వినలేదు. చెప్పవలసింది ఒకటే. అది చెబితే మళ్లీ ఈ గొంతు టీవీలో వినపడదని ఆమెకు తెలుసు. చెప్పబోతే టీవీ తెలుగు రాలేదు.

"నేను తబితను. ఇందాక చింతకి మోరీ బందయిందని నేనే జెప్పిన. గది తప్పు. నేను గుంతల కూసోని జెప్పిన. మోరీ మీద చీలమండల దాకే నీళ్లున్నయ్, ఇప్పుడే దాటి వచ్చినం. గీ పాత బాట మీద ఒర్రె పొంగింది, ఇటు ఎవ్వరు రాకుండ్రి. జీపు మీద మందున్నరు. జేసీబీ ఉన్నోళ్లు, పెద్ద బండ్లున్నోళ్లు మోరీ మీదికెల్లి చింతకికి రాండ్రి. మోరీ నడుస్తాంది. ఇంటున్నరా? మోరీ నడుస్తాంది!"

చెవిలో టక్కుమని చప్పుడై, అంతా నిశ్శబ్దమైంది.

"కట్ జేసిన్రు," అంది.

"చేస్తే చెయ్యనీ," అన్నాడు జీవరాజ్. "నా ఫోన్ల మళ్లీ జెప్పు. ఔరాద్, సంతపూర్, చింతకి, అన్ని గ్రూపులల్ల ఎక్కిస్త. రిపేరుకొచ్చినోళ్ల నంబర్లన్ని నా కాడ ఉన్నయ్."

ఆమె మళ్లీ చెప్పింది. మొదటిసారి కంటే తక్కువ మాటల్లో చెప్పింది. ఆ తర్వాత ఒర్రె వైపు చూస్తూ నిలబడటం తప్ప చెయ్యగలిగింది లేదు. ఎదురుచూపు అంటే అదే. గట్టు మీద ఎవరూ ఒకచోట నిలవలేదు. ఒకడు చెట్టుకు తాడు కడతాడు, ఇంకొకడు విప్పి అటు కట్టమంటాడు. హన్మయ్య నీళ్లలోకి దిగుతాడు, ఇద్దరు పట్టి వెనక్కి లాగుతారు. జీపు మీంచి సంగమ్మ కేకలు. "నువ్వు దిగకు, నీకీత రాదు! దూడను కట్టేసినవా లేదా?" ఆ మాటకు గట్టు మీద ఒకరిద్దరు నవ్వి, వెంటనే సిగ్గుపడి ఊరుకున్నారు. జీపు ఒకసారి కదిలింది. ఆడవాళ్లు ఒక్క గొంతుతో అరిచారు. తబిత పళ్లు బిగించి "ప్రభువా, ప్రభువా" అనుకుంటూ అటూ ఇటూ తిరిగింది. చెప్పు ఒకటి బురదలో ఊడిపోయినా తెలియలేదు.

ముందు చప్పుడు వినపడింది. తర్వాత చింతకి దారి మలుపులో పసుపుపచ్చ జేసీబీ కనపడింది. రోడ్డు పనిలో నడిపే సంగమేష్ అనే పడుచువాడు. బండి ఆపకుండానే తల బయటపెట్టి అరిచాడు.

"ఎటు దిగాల్నో జెప్పుండ్రి! జీపు సంగతి ఇందాకనే తెలిసింది. మోరీ తెగిందనుకొని బండి కదపలే. అక్క ఫోన్ల జెప్తే బయలెల్లిన!"

అతను బండిని ఎగువకు తీసుకుపోయి, జీపుకు అడ్డంగా నీళ్లలోకి మెల్లగా దించాడు. నీటి ఉరుకు దాని చక్రాలకు తగిలి కొంత చీలింది. ముందున్న తొట్టిని జీపు పక్కకు చాచాడు. సంగమ్మను ముందెక్కమంటే ఎక్కదు. పక్కనున్న పసిపిల్ల తల్లిని ఎక్కించింది, తర్వాత నడుము వంగిన ముసలాయనను ఎక్కించింది, మూడో విడతలో తాను ఎక్కింది. అందరూ గట్టుకు చేరాక మల్లప్ప మాత్రం జీపు తలుపు వదలలేదు. "బండి, బండి," అంటున్నాడు. సంగమేష్ తిట్టి, తొట్టిని అతని మీదికే దించినట్టు దించితే అప్పుడు ఎక్కాడు. అతను గట్టు మీద కాలు పెట్టిన కాసేపటికే జీపు ఒక పక్కకు పొర్లి, నాలుగు చక్రాలూ పైకి వచ్చి, వంపు తిరిగి కనపడకుండా పోయింది.

మల్లప్ప అది చూస్తూ బురదలో కూర్చుండిపోయాడు.

హన్మయ్య సంగమ్మ కొంగు పిండుతున్నాడు. తబిత ఆమె దగ్గరికి పోయింది. "అవ్వా," అంది.

సంగమ్మ ఆమెను పైనుంచి కింది దాకా చూసింది. "వానొస్తదని జెప్పినవ్, వచ్చింది. గది అబద్ధం గాదు," అంది. "గంతటితోని ఊకుంటే అయిపోతుండె గద బిడ్డా." అని, వణుకుతున్న పసిపిల్లను తల్లి చేతుల్లోంచి అందుకుని ఊరివైపు నడిచింది.

ఆ సాయంత్రం ఛానల్లో జేసీబీ తొట్టి, జీపు పొర్లడం, తబిత తడిసిన మొహం మళ్లీ మళ్లీ వేశారు. ఆమె మాటలు లేవు. వాటి బదులు డప్పుల సంగీతం ఉంది. "మా ఛానల్ సాహసం, నిలిచిన ప్రాణాలు" అని కింద రాశారు. మోరీ దగ్గరి తప్పు వీడియోను కూడా తీసెయ్యలేదు. దాని పక్కనే ఇదీ వేశారు.

మరునాడు సుజన ఫోన్ చేసింది. ముందు కోప్పడింది. "లైవ్‌లో తప్పు చెప్పానని ఎవరైనా అంటారా? ఛానల్ పరువేం కావాలి?" తర్వాత మెత్తబడింది. "సరే, అయిందేదో అయింది. జనం నీ గురించే అడుగుతున్నారు. నిన్ను స్టూడియోకి పిలుస్తున్నాం. ప్రాణాలు కాపాడిన రిపోర్టర్ అని అరగంట ప్రోగ్రాం."

తబిత, "మోరీ వీడియో తప్పని ఒక్కసారి వెయ్యండి మేడమ్. వస్తాను," అంది.

"నాకు నీ బాధ తెలుసు తబితా. నేను కూడా నీలాగే చిన్న ఊరి నుంచే వచ్చాను. కానీ అది నా చేతిలో లేదు."

"అయితే నేను రాను మేడమ్."

అవతల సుజన నిట్టూర్చింది. ఆ నిట్టూర్పులో కోపం లేదు. ఆ తర్వాత ఆ ఛానల్ నుంచి ఫోను రాలేదు. తబిత కొన్నాళ్లు మోగని ఫోను వైపు చూస్తూ గడిపింది. స్టూడియో దీపాల కింద కూర్చుని ఉండవలసిన అరగంట గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు కడుపు మండేది. అలా మండినందుకు తన మీద తనకే అసహ్యమేసేది.

నీళ్లు తీశాక మల్లప్ప జీపు దిగువన తుమ్మల్లో దొరికింది. జీవరాజ్, తబిత పోయేసరికి అతను ఒక్కడే ఇంజనులోంచి చేతులతో ఒండ్రు తోడుతున్నాడు. జీవరాజ్ చెప్పులు విడిచి పక్కన దిగాడు. తబిత కూడా కొంగు దోపుకుని దిగింది. ముగ్గురూ ఒండ్రు తోడి పక్కన పోశారు.

"మల్లప్పా," అంది చివరికి. "నన్నేమన్న అను."

"ఏమనాలక్కా?" అతను ఒండ్రు పక్కకు విసిరాడు. "నిన్న పొద్దంత అనుకున్న, మొఖం మీదనే అంటనని. ఇంటికాడ మా అమ్మ ఏమన్నదో ఎర్కనా? ఆ పిల్ల జెప్పకుంటే జేసీబీ రాకపోవు అన్నది. ఆ పిల్ల జెప్పకుంటే నేను పాత బాటకే పోకపోదును గద అని నేనన్న. ఇద్దరం కొట్లాడుకున్నం. కూర మాడిపోయింది."

తబిత మరో దోసెడు ఒండ్రు తోడింది.

"నాకు నీ మీద కోపం పోలే," అన్నాడు మల్లప్ప. "పోతదో లేదో గూడ తెల్వది. జీవన్న కోసం మాట్లాడుతున్న. జర గా పాన ఇటియ్యి."

ఆమె పానా అందించింది.

మల్లప్ప జీపు బాగుపడలేదు. కొన్నాళ్లకు భాల్కి వాళ్ల దగ్గర పాత టమ్‌టమ్ ఒకటి తెచ్చుకుని మళ్లీ అదే దారిలో తిప్పడం మొదలుపెట్టాడు. తబిత దుకాణంలో భర్తకు సాయంగా కూర్చుంటోంది. వాన మబ్బు పట్టిన రోజు మాత్రం కూర్చోదు. బండి మీద పోయి మోరీ చూస్తుంది, ఒర్రె చూస్తుంది, తనకు తెలిసిన ఊళ్లకు ఫోన్లు చేసి అడుగుతుంది. ఏ బాట నడుస్తోందో, ఏది నడవడం లేదో, ఉరుములు ఎటు వినపడుతున్నాయో తన ఫోనులో చెప్పి జీవరాజ్ గ్రూపుల్లో పెడుతుంది. సంగీతం లేదు, సైరన్ లేదు. చూసేవాళ్లు చాలా తక్కువ. ఒకసారి పొలంలో ఉన్నవాళ్లను పిడుగులున్నాయి ఇంటికి పొమ్మని చెబితే, నలుగురు ఇళ్లకు వెళ్లారు, మిగిలినవాళ్లు వెళ్లలేదు. పిడుగు ఎక్కడా పడలేదు. "అక్క మల్ల మొదలువెట్టింది," అని ఎవరో కింద రాశారు. ఆ రోజంతా ఆమె అన్నం సరిగ్గా తినలేదు. పడనందుకు సంతోషించాలో, తన మాట పోయినందుకు బాధపడాలో తేలలేదు.

మళ్లీ వాన పట్టిన ఒక సంత రోజు ఫోను మోగింది. మల్లప్ప. జీపు పోయాక అతను తబిత ఫోనుకు చెయ్యడం అదే మొదలు.

"అక్కా, బండిల మందిని ఎక్కించుకున్న. ఏ బాట నడుస్తాంది?"

తబిత బయటికి వచ్చి చూసింది. వాన జోరుగానే ఉంది. పొద్దున మోరీ నడుస్తోంది. ఇప్పుడెలా ఉందో ఆమెకు తెలియదు.

"నాకు తెల్వది మల్లప్పా. పొద్దున చూసిన, అప్పుడు మంచిగనే ఉండె. జర ఆగు, పోయి చూసి జెప్త."

అవతల ఇంజను ఆపిన చప్పుడైంది.

"ఒక్కదానివి ఎందుకు పోతవ్ వానల," అన్నాడు మల్లప్ప. "మందిని హోటల్ కాడ దింపి వస్త. ఇద్దరం పోయి చూద్దాం."